వార్ధక్యమున మనస్సునకు ఊరట

ఉద్యోగవిరమణ, సహచరుల వియోగము, బిడ్డలు దూరమున నుండుట మున్నగు కారణములచే వృద్ధుల మనస్సు క్రుంగవచ్చును. ‘ఈ వయస్సులో ఇది సహజమే’ యని ఇంటివారు ఉపేక్షింపరాదు. ఎడతెగని దిగులు వార్ధక్యలక్షణము కాదు. చికిత్సకు లొంగు వ్యాధి కావచ్చును.

దేహము కదలినచో మనస్సు తేలికపడును, నిద్ర కుదురును. 65 ఏండ్లు నిండినవారు వారమునకు కనీసము 150 నిమిషములు చురుకైన నడకవంటి వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఒక్కసారిగా కాక, దినమునకు పది నిమిషములతో ఆరంభింపవచ్చును.

నేలపై కూర్చుండలేనివారు కుర్చీపై కూర్చుండి, శ్వాస పీల్చుచు చేతులు మెల్లగా పైకెత్తి, విడుచుచు దింపవలెను. ఊపిరి బిగబట్టరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు కలవారు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను; మందులు మానరాదు.

దిగులు రెండు వారములైనను తగ్గనిచో వైద్యునికి చూపుడు. లేదా టెలి మానస్ 14416కు ఫోను చేయుడు. అన్నిటికన్న ముందు, సాయంకాలము పెద్దలతో కలిసి మీరును నాలుగడుగులు నడువుడు.