సంతకానికి ముందే అడగండి

విదేశీ ఉద్యోగానికి ఆఫర్ లెటర్ రాగానే మనవాళ్లు ముందు జీతం అంకె చూస్తారు. రూపాయల్లోకి మార్చుకుని ఇంటికి ఫోన్ చేస్తారు. రీలొకేషన్ గురించి రాసిన పేరాలు మాత్రం ఎవరూ చదవరు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఇలాంటి బదిలీలు చూసే ఉద్యోగం నాది. జీతానికి గ్రేడ్ల హద్దు ఉంటుంది, ఓ పట్టాన కదలదు. టికెట్లు, వసతి, సామాను ఖర్చులు వేరే పద్దు. బేరానికి చోటున్నది అక్కడే.

మా అపార్ట్‌మెంట్‌లో ఉండే గుంటూరు అబ్బాయికి మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. భార్య, చిన్న పాప. అన్నిటికీ కలిపి 5,000 యూరోలు చేతికిస్తామని అతని కంపెనీ రాసింది. సరేననబోతున్నవాణ్ణి కూర్చోబెట్టి లెక్క వేయించాను. జర్మనీలో అలా ఖర్చుల బిల్లులతో పని లేకుండా ఇచ్చే మొత్తాన్ని సాధారణంగా జీతం కిందే చూస్తారు. పన్నూ, బీమా కోతలూ పోగా మిగిలినదే చేతికొస్తుంది. ఇంటి డిపాజిటే మూడు నెలల అద్దె దాకా అడగొచ్చని అక్కడి చట్టం. పైగా అద్దె ఇళ్లు చాలావాటిలో వంటగది అంటే ఉత్త గోడలే. పొయ్యి, అల్మరాలు, ఒక్కోసారి సింకు కూడా మనమే పెట్టించుకోవాలి. పాపకు పాలు కాచడానికైనా పొయ్యి ఉండాలి కదా!

అందుకే డబ్బు బదులు పనులు అడగమన్నాను. సామాను రవాణా బిల్లు కంపెనీయే నేరుగా కట్టాలి. మొదటి మూడు నెలలకు ఫర్నిష్డ్ ఫ్లాట్ చూపించాలి. ఆ ఫ్లాట్ విషయంలో ఒక్క షరతు మరవకూడదు. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకంతో కాగితం కావాలి. కొన్ని తాత్కాలిక వసతులవాళ్లు అది ఇవ్వరు. నమోదు ఆలస్యమైతే పన్ను నంబరూ ఆలస్యమే. ఆ నంబరు అందకపోతే మొదటి జీతంలో పన్ను ఎక్కువ రేటుకు కోసే ప్రమాదం ఉంది. 'నమోదుకు ఒప్పుకునే ఫ్లాట్' అని మెయిల్లో రాయించాను. మూడు నెలలు అడిగితే రెండు నెలలకు ఒప్పుకున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కంపెనీ అసలే పెట్టదు.

భార్య మాట ఎవరూ ఎత్తరు, అదే నాకు బాధ. బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద వెళ్లేవారి భార్యకు వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు, అక్కడ ఉద్యోగమూ చేయొచ్చు. కానీ భాష రాకుండా పని దొరకడం కష్టం. ఇక్కడి ఉద్యోగం మానుకుని వెంట వెళ్లే మనిషికి భాషా తరగతుల ఫీజు అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఆఫర్ లెటర్ ఆఖరి పేజీలో 'రెండేళ్లలోపు మానేస్తే మొత్తం తిరిగి కట్టాలి' అనే వాక్యం ఉంటే వెతికి పట్టుకోండి. పనిచేసిన ప్రతి నెలకూ బాకీ తగ్గేలా, కంపెనీయే తీసేస్తే కట్టక్కర్లేకుండా మార్పించుకోండి.

ఫోన్లో రిక్రూటర్ 'చూద్దాం సార్' అంటే దానికి విలువ లేదు. ఒప్పందంలోకి ఎక్కాకే సంతకం పెట్టండి. ఇక్కడ 90 రోజుల నోటీసు ఉన్నవాళ్లు, చేరే తేదీని వీసా వచ్చిన రోజు నుంచి లెక్కించమని అడగండి. వీసా చేతికి వచ్చేదాకా రాజీనామా మాత్రం ఇవ్వకండి.