శనక్కాయ ఒకటే, మిషన్లు రెండు

హిందూపురం చుట్టుపక్కల శనక్కాయ వేసే రైతుకు కదిరి పరిశోధన కేంద్రం కొత్త కాదు. కదిరి-6, కదిరి లేపాక్షి విత్తనాలు అక్కడివే. ఆ పప్పులో నూనె ఎంతుందో పాత పద్ధతిలో తేల్చాలంటే గింజను పొడి చేసి, ద్రావకంతో గంటల తరబడి నూనె తీసి, తూకం వేయాలి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఇదే పనికి సమీప పరారుణ కాంతిని కూడా వాడుతున్నారు. గింజ పగలగొట్టే పని లేదు, ఫలితం నిమిషాల్లో వస్తుంది.

అయితే నూనె అంటే ఏమిటో మిషన్‌కు తెలియదు. 780 నుంచి 2,500 నానోమీటర్ల మధ్య ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి ఇంకిపోయిందో మాత్రమే అది కొలిచి, ఒక గీతగా చూపుతుంది. నూనె 1,725, 2,310 దగ్గర, నీరు 1,450, 1,940 దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటాయి. ల్యాబ్‌లో నూనె తేల్చిన నమూనాలను పదుల్లో, వందల్లో చూపించి ‘ఈ గీతకు ఇంత నూనె’ అని నేర్పాలి. ఆ నేర్పిన లెక్కే కేలిబ్రేషన్. ఖర్చంతా అక్కడే. అందుకే దాన్ని రెండో మిషన్‌లోకి కాపీ చేసుకుంటే చాలనిపిస్తుంది.

చాలదు. ఈ రంగంలో అందరూ వాడే మొక్కజొన్న డేటా ఒకటుంది: 80 నమూనాలు, 3 మిషన్లు, 1,100 నుంచి 2,498 నానోమీటర్ల దాకా ప్రతి 2 నానోమీటర్లకు ఒకటి చొప్పున 700 కొలతలు. గింజలు అవే అయినా రెండు మిషన్ల గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, మూడోదాని గీతలు ఎడంగా ఉంటాయి. దీపం, డిటెక్టర్, తరంగదైర్ఘ్యంలో ఒకటి రెండు నానోమీటర్ల జరుగుడు, ఏది తేడా వచ్చినా లెక్క తప్పుతుంది.

ఎంత తప్పుతుందో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ల్యాబ్ 46 శాతం అన్న పప్పుకు కొత్త మిషన్ 46.5 చూపింది, 50 అన్నదానికి 51.5 చూపింది. సగటున 1 శాతం ఎక్కువ. ఆ ఒకటి తీసేస్తే 45.5, 50.5 వస్తాయి. రెండు కొసల్లోనూ అర శాతం తేడా మిగిలే ఉంది. అదే రీడింగ్‌ను 0.8తో గుణించి 8.8 కలిపితే 46, 50 సరిగ్గా వస్తాయి. దీన్నే స్లోప్-బయాస్ సవరణ అంటారు. నూనె శాతాన్ని బట్టి ధర కట్టే చోట 1 శాతం తప్పంటే టన్ను పప్పుకు 10 కిలోల నూనె. అది రైతుకైనా మిల్లుకైనా చిన్న మొత్తం కాదు.

గీత ఆకారమే మారితే ఈ సవరణ సరిపోదు. 1991లో వాంగ్, వెల్ట్‌క్యాంప్, కొవాల్‌స్కీ చూపిన దారి వేరు. కొన్ని నమూనాలను రెండు మిషన్లలోనూ పెట్టి, పాత మిషన్‌లోని ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని కొత్తదానిలోని చుట్టుపక్కల కొలతలతో ముడిపెట్టారు. నా దృష్టిలో ఇందులో గణితం కన్నా ఆ నమూనాలే ముఖ్యం. నూనె తక్కువవి, ఎక్కువవి, నడిమివి అన్నీ ఉండాలి. గాలి చొరని సీసాల్లో చల్లగా దాచాలి. పప్పు మక్కిపోయినా, తేమ మారినా పోలికకు పనికిరాదు.

వేడిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. నమూనా వేడెక్కితే గీతలో నీటి శిఖరం తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర నేర్పిన లెక్కను ధర్మవరం మే నెల ఎండలో వాడాలంటే అంత వేడిలోని నమూనాలనూ ముందే దానికి చూపించి ఉండాలి.

ఇవన్నీ సరిచూసుకున్నా గిర్నార్-4 లాంటి రకాల దగ్గర ఇంకో చిక్కుంది. వాటి నూనెలో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది, మామూలు రకాల్లో సగం అటూ ఇటూ. అలాంటి గింజను ఎన్నడూ చూడని కేలిబ్రేషన్ పాత మిషన్‌లోనూ తప్పే చెబుతుంది. అక్కడ సవరించాల్సింది మిషన్ల మధ్య తేడాను కాదు. కొత్త రకం గింజలు కొన్ని తీసుకుని, ల్యాబ్‌లో నూనె విశ్లేషణ చేసి, కేలిబ్రేషన్‌కు కలపాలి.