గుర్తులేని ఎన్నికలు - పార్టీల బలపరుపు

గ్రామపంచాయతీ ఎన్నికలయందును, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల ఎన్నికలయందును బ్యాలెట్టుపై పార్టీ గుర్తుండదు. అయినను 2019 జనవరి పంచాయతీ ఎన్నికలలోను, 2020 ఫిబ్రవరి 15న జరిగిన సంఘముల ఎన్నికలలోను "పార్టీ బలపరచిన అభ్యర్థి" యను మాట తెలంగాణమంతట వినవచ్చెను.

బలపరచుట యెట్లు? నాయకులు తమవారిలో నొకరిని నిలిపి, తక్కినవారిచే నామినేషన్లు ఉపసంహరింపజేయుదురు. గెలిచినవానికి కండువా కప్పుదురు. 2020లో సభ్యులెన్నుకొన్నది సంఘమునకు 13 మంది డైరెక్టర్లను. అధ్యక్షుని ఆ డైరెక్టర్లే యెన్నుకొనిరి. కావుననే ఒక్కొక్క స్థానముపై పార్టీలకు కన్ను.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతముల సభ్యులకు మేము విన్నవించున దొక్కటియే. పార్టీ మాట సిఫారసు మాత్రమే. పంట ఋణము, ఎరువులు, ధాన్యపు లెక్కలు ఎవరు చక్కగా చూతురో విచారించి ఓటు వేయుడు. సంఘము చెడినచో నష్టము కండువాకు గాదు, మనకే.