పడ్డ బండి లేస్తుంది... నడుము జాగ్రత్త!

బుల్లెట్ 350 మోటారు సైకిలు బరువెంతో మీకు తెలుసా? సుమారు 195 కిలోలు. బస్తా 75 కిలోల లెక్కన రెండున్నర బస్తాల ధాన్యం కంటే ఎక్కువన్నమాట! అటువంటి బండి నడిబజారులో ఒరిగిపోతే మనలో చాలామంది ఏం చేస్తారు? ముందు చుట్టూ చూస్తారు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. మరుక్షణం వంగి, రెండు చేతులతో హేండిలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క గుంజు గుంజుతారు. బండి లేస్తుంది. నడుము కలుక్కుమంటుంది.

ప్రభుత్వాసుపత్రికి వచ్చేవారిలో ‘బండి మీద నుంచి పడ్డాను డాక్టరుగారూ’ అనేవారితో పాటు ‘పడ్డ బండి లేపాను’ అనేవారు కూడా వుంటారు. వీరికి ఒంటిమీద చిన్న గీత కూడా వుండదు. కాని పక్కవారి భుజం పట్టుకుంటే గాని నడవలేరు.

బరువైన బండ్లు వేగంగా పోయేటప్పుడే పడతాయనుకోకండి. ఆగి వున్నప్పుడు, సందులో వెనక్కు తిప్పేటప్పుడు, ఇసుకలో కాలు జారినప్పుడు, స్టాండు మెత్తని నేలలో దిగబడినప్పుడు కూడా పడుతుంటాయి. బండి కొంచెం ఒరిగినప్పుడు కాలు ఆనించి ఆపవచ్చు. బాగా ఒరిగిన తరువాత మాత్రం ఆపబోకండి. హేండిలు వదిలి పక్కకు తప్పుకోండి. అద్దం పగిలితే కొత్తది వస్తుంది. బండి కింద పడిన చీలమండ అంత సులువుగా బాగుపడదు.

నడుముకే ఎందుకు దెబ్బ?

మన వెన్నుపూసల మధ్య డిస్కులనే మెత్తలుంటాయి. వాటి మధ్యభాగం జిగురు పదార్థం. చుట్టూ గట్టి నారపొర. వంగి బరువెత్తేటప్పుడు నడుము త్రాసు కాడలా పనిచేస్తుంది. బరువు వెన్నుకు 40, 50 సెంటీమీటర్ల ముందుంటుంది. దాన్ని లాగే వీపు కండరాలు వెన్నుకు వెనుక 5 సెంటీమీటర్ల దూరంలోనే వుంటాయి. అందువల్ల చేతిలో ఒక కిలో బరువుకు ఆ కండరాలు ఎనిమిది, పది కిలోల బలంతో లాగాలి. ఆ ఒత్తిడంతా డిస్కు మీదే పడుతుంది. స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో మనుషుల డిస్కులలోకి సూది పంపి ఈ ఒత్తిడిని కొలిచారు. నిటారుగా నిలబడినప్పటి కంటే వంగి బరువెత్తినప్పుడు ఒత్తిడి ఎంతో పెరుగుతుందని రుజువయింది. నారపొర చిట్లితే లోపలి జిగురు బయటికి వచ్చి కాలికి పోయే నరాన్ని నొక్కుతుంది. పిరుదు నుంచి పాదం దాకా కరెంటు పాకినట్లుండే సయాటికా నొప్పి ఇలా వచ్చేదే.

ఎలా లేపాలి?

ముందు తాళం తిప్పి ఇంజను ఆపండి. పెట్రోలు కారుతుంటే దగ్గరలో ఎవరినీ బీడీ, సిగరెట్టు వెలిగించనివ్వకండి. వచ్చే పోయే వాహనాలను ఆపమని ఎవరికైనా చెప్పండి. ఒక్క నిమిషం నిలబడి చేతులు, కాళ్ళు ఆడించి చూసుకోండి. దెబ్బ తగిలిన వేడిలో నొప్పి వెంటనే తెలియదు.

బండి కుడివైపు పడితే మీ అదృష్టం. సైడు స్టాండు పైకే వుంటుంది కనుక దాన్ని ముందే దించి, గేరు వేయండి. ఎడమవైపు పడితే స్టాండు కింద చిక్కుతుంది. అప్పుడు బండి దొర్లకుండా చక్రాలకు రాయి అడ్డం పెట్టండి.

తరువాత హేండిలును నేలవైపుకు పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, గొంతుక్కూర్చున్నట్లు దిగి, పిరుదులను సీటు అంచుకు ఆనించండి. ఒక చేత్తో కిందనున్న హేండిలు పిడిని, రెండో చేత్తో వెనుక కేరియరునో, గట్టి ఇనుప భాగాన్నో పట్టుకోండి. సైలెన్సరు ముట్టుకోకండి. వీపు నిటారుగా వుంచి, పాదాలు నేలకు గట్టిగా ఆనించి, తొడల బలంతో వెనక్కు నెట్టుతూ చిన్న చిన్న అడుగులు వేయండి. ఊపిరి బిగబట్టవద్దు. బండి నిలువుకు వచ్చేటప్పుడు నెమ్మదించండి. లేకపోతే అవతలివైపు పడిపోతుంది!

ఇందులో కిటుకేమీ లేదు. శరీరంలో అన్నిటికన్నా బలమైన కండరాలు తొడలలో, పిరుదులలో వున్నాయి. పని వాటికి అప్పగిస్తున్నాం, అంతే. సుమారు 105 కిలోలుండే స్కూటర్లు నడిపే అమ్మాయిలకు కూడా ఈ పద్ధతే మంచిది. గర్భిణీలు, గుండెజబ్బు, గిలక వున్నవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు, ఎముకలు గుల్లబారిన పెద్దవారు మాత్రం అసలు లేపబోకూడదు. ఆరోగ్యవంతులకైనా పక్కన మనిషి దొరికితే ఒంటరిగా ఎందుకు? టీకొట్టు దగ్గర నిలబడ్డ ఇద్దరిని పిలిస్తే పరువేమీ పోదు.

సైలెన్సరు తగిలి కాలితే 20 నిమిషాలు కుళాయి ధార కింద వుంచండి. సిరా, టూత్ పేస్టు, కాఫీ పొడి పూయకండి. చెయ్యి ఆనించి పడినప్పుడు బొటనవేలి మొదట్లో నొప్పి వుంటే, మొదటి ఎక్స్ రే బాగానే వున్నా నిర్లక్ష్యం చేయకండి. అక్కడి చిన్న ఎముక విరుగు ఒక్కోసారి పది, పదిహేను రోజుల తరువాత గాని ఎక్స్ రేలో కనబడదు.

నడుము పట్టేస్తే?

వారాల తరబడి చెక్కబల్ల మీద పడుకోమనే సలహా ఇప్పుడు పాతబడింది. ఒకటి రెండు రోజులు తగ్గి వుండి, వేడి కాపడం పెట్టుకుంటూ, మెల్లగా నడవడం మొదలుపెట్టండి. చాలామందికి కొద్ది వారాలలో తగ్గిపోతుంది. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు వున్నవారు నొప్పి బిళ్ళలు సొంతంగా మింగరాదు. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుము తన్నించుకోవడం, ఎవరి చేతనైనా తొక్కించుకోవడం అసలే వద్దు.

నా దగ్గరకు వచ్చిన ఒక ఉద్యోగికి నలభై రెండేళ్ళు. బండి లేపిన నాటినుంచి కాలు లాగుతోంది. పది రోజులు తైలాలతో, తన్నింపులతో గడిపారు. పదకొండోనాడు మూత్రం బందయింది. తొడల నడుమ స్పర్శ పోయింది. అయినా తెల్లవారితే సర్దుకుంటుందని మరో రెండు రోజులు ఆగారు. ఆపరేషనుతో కాలినొప్పి తగ్గింది. మూత్రం మీద అదుపు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆయన సంపాదన మీద నలుగురు బతుకుతున్నారు.

కాబట్టి ఈ లక్షణాలు ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోండి: మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, సైకిలు సీటు ఆనే చోట తిమ్మిరి, రెండు కాళ్ళలోనూ నీరసం, పాదం వేలాడి చెప్పు జారిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి వెళ్ళండి. నలిగిన నరం కోలుకోవడం ఎంత త్వరగా దాని మీది ఒత్తిడి తీశారన్న దాని మీద ఆధారపడుతుంది. ఇక్కడ లెక్క రోజుల్లో కాదు, గంటల్లో.

ఈ ఆదివారం మీ ఇంట్లో బండి నడిపేవారందరినీ పిలిచి, బండి నిలబెట్టే వుంచి, వీపు ఎటు పెట్టాలో, చేతులు ఎక్కడ వేయాలో ఒకసారి చూపించండి. కష్టమంతా అయిదు నిమిషాలే.