కణాల జాడ: లెక్క సరిపోతే చాలునా?

మదనపల్లెలో బస్సు కదిలినప్పుడు అందులో నలభైమంది ఉన్నారు. పుంగనూరులో పదిమంది దిగారు, పదిమంది ఎక్కారు. కుప్పం చేరేసరికి మళ్లీ నలభైమందే. తలలు మాత్రమే లెక్కించినవానికి అంతా సరిగానే తోస్తుంది. కాని మదనపల్లెలో ఎక్కినవారే కుప్పంలో దిగారా అని అడిగితే అతడు బదులు చెప్పలేడు. సంఖ్య వేరు, గుర్తింపు వేరు. సూక్ష్మదర్శిని క్రింద జీవకణాల జాడను వెంబడించే శాస్త్రజ్ఞులకు ఎదురయ్యే చిక్కు కూడ ఇదే.

సజీవ కణాలను గాజుపాత్రలో పెంచుతూ, కొన్ని నిమిషాలకొకసారి ఛాయాచిత్రం తీస్తారు. ఈ చిత్రమాలలో కంప్యూటర్ చేయవలసిన పనులు రెండు. ప్రతి చిత్రంలోను కణాలను గుర్తించడం మొదటిది. ఈ చిత్రంలోని కణం తరువాతి చిత్రంలో ఏదో నిర్ణయించడం రెండవది. కణం రెండుగా చీలితే మాతృకణానికి, పిల్లకణాలకు గల బంధాన్ని నమోదు చేయాలి. అట్లు కణాల వంశవృక్షం సిద్ధమవుతుంది. చిత్రాల మధ్య వ్యవధి ఎక్కువైతే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. మరీ తరచుగా చిత్రాలు తీస్తే ఆ వెలుగే కణాలకు హాని చేస్తుంది.

ఈ వంశవృక్షం విలువ ఎంతటిదో జాన్ సల్‌స్టన్ పరిశోధన చాటుతున్నది. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే చిన్న పురుగు పిండంలోని కణాల వంశక్రమాన్ని ఆయన, సహచరులు కంటితో చూచి, చేతితో గీచి, 1983లో ప్రకటించారు. ఆ పురుగులోని ద్విలింగ జీవిలో పుట్టే 1090 దేహకణాలలో 131 నియమబద్ధంగా మరణిస్తాయి, 959 మిగులుతాయి. ఈ పరిశోధనకు 2002లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఇక్కడ ఒక ప్రశ్న: కనబడకుండా పోయిన కణం నిజంగా మరణించినదా, లేక మన చూపే తప్పినదా? ఈ భేదం తెలియని యంత్రం చెప్పే మరణవార్తను నమ్మరాదు.

అందుకే యంత్రాన్ని పరీక్షించే పద్ధతులు పుట్టాయి. కణాల జాడపట్టే పద్ధతులను పోల్చిచూచే అంతర్జాతీయ పోటీ ఒకటి 2013 నుండి జరుగుతున్నది. ముగ్గురు నిపుణులు వేర్వేరుగా గుర్తించిన దానిలో అధికసంఖ్యాకుల అభిప్రాయాన్ని ప్రమాణంగా గ్రహిస్తారు. యంత్రం ఇచ్చిన వృక్షాన్ని ఆ ప్రమాణవృక్షంగా దిద్దడానికి ఎంత శ్రమ పడుతుందో లెక్కిస్తారు. ఉన్న కణాన్ని విడిచిపెడితే 10, కలిసిపోయిన కణాలను విడదీయవలసివస్తే 5, లేని కణాన్ని చూపితే 1, తప్పు బంధాన్ని తొలగించడానికి 1, విడిచిన బంధాన్ని చేర్చడానికి 1.5 చొప్పున దండన. ఈ మొత్తాన్ని, వృక్షాన్ని మొదటినుండి నిర్మించే శ్రమతో భాగించి, 1 నుండి తీసివేస్తారు.

ఒక ఉదాహరణ చూద్దాం. పది కణాలు, నూరు చిత్రాలు, చీలికలు లేవు. వేయి బిందువులు, 990 బంధాలు. మొదటినుండి నిర్మించే శ్రమ 10,000 + 1,485 = 11,485. నడుమ ఒక్కచోట రెండు కణాల గుర్తింపు తారుమారైందనుకొందాం. రెండు బంధాలు తొలగించి రెండు చేర్చాలి: 2 + 3 = 5. కాబట్టి ఖచ్చితత్వం 0.9996! చూపుకు పరిపూర్ణమే. కాని ఆ రెండు కణాల జీవితకథలు అక్కడినుండి ఒకదాని కథ మరొకదానికి అంటగట్టబడినవి. వాటిలో ఒకటి మందుకు లొంగనిదైతే, ఫలితం తలక్రిందులైనట్లే. మొదటినుండి చివరివరకు తప్పులేకుండ సాగిన జాడలను మాత్రమే లెక్కించే మరొక కొలమానంలో అదే యంత్రానికి దక్కేది 0.8 మాత్రమే. ఒకే కృషికి రెండు తీర్పులు. ఏ ప్రశ్నకు సమాధానం కావాలో తెలిసినవాడే తగిన కొలమానాన్ని ఎన్నుకోగలడు.

ఈ జాగ్రత్త మన ప్రాంతానికి కొత్తది కాదు. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయ వైద్యులు 1950 నుండి 1955 వరకు మదనపల్లె పరిసర గ్రామాల ప్రజలను పదే పదే పరీక్షించి చేసిన క్షయవ్యాధి అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడింది. అటువంటి పనిలో నిన్న పరీక్షించిన మనిషి, నేడు ఎదుట నిలిచిన మనిషి ఒక్కరేనని రూఢి కావాలి. ఊరు విడిచినవానిని మృతుడని వ్రాసినా, అన్న ఫలితాన్ని తమ్ముని పేర చేర్చినా జనసంఖ్య చెడదు; సత్యం చెడుతుంది.

విద్యార్థులారా! ఉర్దూలో 'అమానత్' అనే మాట కలదు. నమ్మి అప్పగించినది అని అర్థం. ప్రయోగశాలలో మనం వ్రాసే ప్రతి అంకె అటువంటి అమానతే. లెక్క సరిపోయిందని సంతోషించడానికి ముందు, ఆ లెక్కలోని ప్రతివాడు తన పేరుతోనే ఉన్నాడా అని ఒకసారి తిరిగి చూడండి.