ఊటతో పోవు తెల్లపురుగు

బావి పూడిక తీయించునపుడు బొక్కెనలో తెల్లని, కన్నులులేని సన్నపు పురుగు ఎప్పుడైన మీ కంటబడినదా? పడినను బురదతో కలిపి గట్టుమీద పారబోసి యుందురు. అట్టి పురుగును గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఇసుకరేణువుల సందులలోను, రాతి పగుళ్ళలోను నిలిచిన నీటిలో వెలుగు చొరదు. అచట పుట్టి పెరుగు జీవులకు కన్నులతో పనిలేదు, ఒంటికి రంగుతోను పనిలేదు. వానిలో బల్లపరుపు పురుగులు ఒక తెగ. ఇవి జలగవలె అతుకుకొని రక్తము త్రాగునవి కావు. పొట్ట అడుగుననున్న సన్నని వెంట్రుకల సాయమున రాతిపై జారుచు పోయి, చిన్న రొయ్యజాతి పురుగులను పట్టి తినును. నోరు తలయందు గాక శరీరము నడుమ అడుగుభాగమున ఉండుట వీని వింత.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున, వాషింగ్టన్ నగర పరిసరములలో దొరికిన ఇట్టి పురుగులను రోమన్ కెంక్ అను శాస్త్రజ్ఞుడు 1977లో వర్ణించెను. ఒకదానికి హోల్సింగర్ అను శాస్త్రజ్ఞుని పేరు పెట్టెను. నగరము పెరిగి ఇండ్లు, రోడ్లు ఊటలను కప్పివేసినచో ఇట్టి పురుగుకు వేరొక దారి లేదు. రెక్కలు లేవు, ఎండలో పాకి పొరుగు ఊటకు పోలేదు. వెదకినను దొరకనపుడు “నశించి యుండవచ్చును” అని వ్రాసికొనుట తప్ప శాస్త్రజ్ఞులు చేయగలిగినది లేదు.

మనకేమి అందురా? అదే హోల్సింగర్, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమునకు చెందిన వై. రంగారెడ్డితోను, మరియొకరితోను కలిసి 2006లో మన ఆంధ్రదేశపు బావులలోని ఒక గ్రుడ్డి రొయ్యజాతి జీవిని లోకమునకు తెలిపెను. దాని పేరు బోగిడియెల్లా ఇండికా. 2011లో ఆంధ్రప్రదేశ్ భూగర్భజలములలో దొరికిన మరియొక జీవికి ఆంధ్రకాయిడిస్ అని మన నేల పేరే పెట్టిరి. దాని తోబుట్టువు వంటి జాతి 2017లో సున్నపురాతి గుహలనుండి బయటపడినది. వీని దగ్గరి చుట్టములు కాశీ బావులలో నున్నట్లు 1950లోనే వెల్లడియైనది. దూరపు చుట్టములు ఆస్ట్రేలియాలో గలవు! మన భూభాగము, ఆ భూభాగము ఒకటిగా నున్న కాలపు వంశము ఇది. మన దేవాలయములన్నిటికంటె పాత కాపురము మన బావి అడుగున నున్నదన్నమాట.

హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేటకు పోయి చూడుడు. మూసీకి చేరువనే యున్నను, వినాయక విగ్రహములు, గాలిపటములు చేయువారి ఇండ్లు ఒకదానినొకటి ఒరసికొని యుండును. అట్టి పేటలో వాననీరు నేలలోనికి దిగుటకు చోటేది? నగరములో పోయినదానిని తిరిగి తెచ్చుట కష్టము. పల్లెలలో ఇంకను చేయి దాటలేదు.

బావిలో పురుగనగానే పెద్దలకు నారికురుపు గుర్తు వచ్చును. ఆ భయము అకారణము కాదు. దానిని మోయునది సైక్లాప్స్ అను చిన్న పురుగు. కాని మనదేశమున ఆ రోగము 1996 తరువాత కనబడలేదు. 2000లో దేశము దానినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. నీటిలో తెల్లని పురుగు కనబడగానే మందు కుమ్మరింపవలసిన పనిలేదు. త్రాగునీటిని వడగట్టి కాచుకొనిన చాలును.

మందుకొట్టు యంత్రమును బావిగట్టున కడుగరాదు. ఖాళీ మందుడబ్బాలను పాడుబడిన బావిలోను, ఎండిన బోరులోను పడవేయరాదు. ఆ గొట్టము మన చెత్తను తిన్నగా నేల అడుగు నీటిలో కలుపును. ఈ ఒక్క అలవాటు మానిన పురుగులకే గాదు, మీ పొరుగువాని బోరుకును మేలు.

చూడవలెనన్న కోరిక గలవారు మూతకు చిన్న రంధ్రములు పొడిచిన సీసాలో మాంసపు ముక్క వేసి, త్రాడుతో బావి అడుగునకు దింపి రాత్రియంతయు ఉంచి ఉదయమున మెల్లగా తీయవలెను. బోరునీటిని సన్నని గుడ్డలో చాలసేపు వడగట్టినను రొయ్యజాతి పురుగులు చిక్కవచ్చును. వీనిని స్పిరిటులో ఉంచవచ్చును గాని, బల్లపరుపు పురుగును స్పిరిటులో వేయరాదు, ముడుచుకొని గడ్డయైపోవును. అదే బావినీటిలో, నీడపట్టున, చల్లగా, ప్రాణముతో దగ్గరి కళాశాల జంతుశాస్త్ర శాఖకు చేర్పవలెను. సీసాపై ఊరిపేరు, సర్వే నంబరు, నీటిమట్టము, తేదీ వ్రాయుట మరువరాదు. గ్రామాధికారులు ఊరిలోని ఊటలను, ఊటబావులను ఒక పుస్తకములో ఎక్కించి, ఏ నెలలో ఏది ఎండినదో ఏటేట వ్రాసియుంచిన, ఆ సీసా చేరినవారికి మిగిలిన పని సులువగును.