బయానా ఇచ్చాక గృహరుణం రాకపోతే?

గ్రామాలలో ఇంటి బేరం కుదిరిన నాడే పెద్దమనుషుల సమక్షంలో బయానా చేతులు మారుతుంది. క్రయ ఒప్పందం వ్రాసుకుని, మూడు నెలల గడువు పెట్టుకుంటారు. కొనుగోలుదారు బ్యాంకు మెట్లెక్కేది ఆ తరువాతనే. రుణం నిరాకరించబడితే బేరం చెడుతుంది. బయానా ఎవరికి చెందాలన్న తగవు మొదలవుతుంది. రుణం ఏ కారణం చేత రాలేదు, ఒప్పందంలో ఏమి వ్రాసుకున్నారు అన్న రెండు విషయాలపైనే దాని పరిష్కారం ఆధారపడి ఉంటుంది.

బ్యాంకు మిమ్ములను, మీరు కొనదలచిన ఇంటిని వేరువేరుగా పరిశీలిస్తుంది. మీ ఆదాయం చాలకపోయినా, పాత అప్పుల చెల్లింపు సక్రమంగా లేకపోయినా ఆ లోపం మీదే. బంధువు రుణానికి ఎన్నడో హామీ సంతకం చేసి మరచినవారికి ఆ బకాయి సరిగ్గా ఈ సమయంలోనే ఎదురవుతుంది. రుణం రాలేదన్నంత మాత్రాన, ఒప్పందంలో ఆ షరతు లేనప్పుడు, మీ బాధ్యత తొలగిపోదు.

ఇంటికి సంబంధించిన చిక్కులు గ్రామాలలో మరీ ఎక్కువ. గ్రామకంఠం స్థలానికి లింకు దస్తావేజులు ఉండవు. తండ్రి ఇంటిని ఒక్క కుమారుడే అమ్మజూపుతాడు. అక్కచెల్లెళ్ళ సంతకాలు ఉండవు. బ్యాంకు న్యాయవాది ఇట్టి హక్కు లోపాన్ని చూపినప్పుడు మీ స్థితి వేరు. తనకు తెలిసి, మీరు సాధారణ జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మకందారు వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతున్నది. మీరు న్యాయమైన కారణంతో కొనుగోలు విరమించుకుంటే, బయానాకు ఆ ఇంటిపైనే మీకు ఛార్జి హక్కు లభిస్తుంది.

మరొక చిక్కు మనము కోరి తెచ్చుకునేది. ఇంటి ధర 20 లక్షలు; స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి ఒప్పందంలో 12 లక్షలే చూపుతారు. 30 లక్షల లోపు గృహరుణానికి రిజర్వు బ్యాంకు విధించిన గరిష్ఠ పరిమితి ఆస్తి విలువలో 90 శాతం. బ్యాంకు కాగితంపై ఉన్న ధరనే లెక్కలోకి తీసుకుంటే 10.80 లక్షలకు మించి రాదు. 2 లక్షల బయానా పోను మిగిలిన 7.20 లక్షలు ఎక్కడ నుండి తెస్తారు?

బేరం మీ వలన తప్పిపోయినా, పుచ్చుకున్న సొమ్మంతా అమ్మకందారుదే కానక్కరలేదు. ఢిల్లీలోని ఒక ఆస్తిని 1949లో రూ.1,12,500కు కొనుటకు ఒప్పుకున్నవారు రూ.1,000 బయానాగాను, రూ.24,000 ధరలో భాగంగాను చెల్లించారు. బేరం చెడినప్పుడు సుప్రీంకోర్టు 1963లో, ఫతే చంద్ కేసులో, బయానా వెయ్యిని మాత్రమే జప్తు చేసుకోనిచ్చింది. నష్టం రుజువు కానందున 24,000 జప్తును అంగీకరించలేదు. కాబట్టి బయానా ఎంత, ధరలో భాగం ఎంత అన్నది రసీదులో విడిగా వ్రాయించండి.

బయానా ఇవ్వకముందే దస్తావేజుల నకళ్ళు, ఈ.సి. తీసుకుని బ్యాంకు శాఖను సంప్రదించండి. సూత్రప్రాయ అంగీకారం మంజూరు కాదని గుర్తుంచుకోండి. ఇంటి పత్రాల పరిశీలన ఇంకా మిగిలే ఉంటుంది. ఒప్పందంలో ఈ షరతు చేర్చమని కోరండి: "గడువులోగా బ్యాంకు రుణం నిరాకరించినచో, నిరాకరణ పత్రం చూపిన 15 దినములలో బయానా పూర్తిగా వాపసు చేయవలెను." అమ్మకందారు దీనికి సమ్మతించకపోతే, కొంత సొమ్ము మినహాయించుకుని మిగతాది ఇచ్చేట్లు అయినా వ్రాయించండి. మీ కోసం ఆయన మరొక బేరాన్ని వదులుకుని ఉండవచ్చు. ఆ నష్టానికి పరిహారం కోరడం అన్యాయం కాదు.